నాకే తగిలింది సార్!

ఆటలో ఔటైతే రెఫరీ కంటే ముందు తనే చెయ్యెత్తేయడం ఎమ్మిగనూరు యేసేపుకున్న ఒకే ఒక్క జబ్బు. కబడ్డీలో అతనిది ఉడుంపట్టు. అయితే ఏం లాభం? ఎదుటివాడి వేలి గాలి సోకినా చాలు, "తగిలింది సార్!" అని కేకేసి గీత దాటిపోయేవాడు.

మగ్గం నేసే నరసప్ప అతని జట్టుకు కెప్టెన్. తన జుట్టు నెరిసింది యేసేపు వల్లేనని ఊరంతా చెప్పుకునేవాడు.

"రెఫరీ సూడలేదు గదప్పా! నీకెందుకంత తొందర?"

"ప్రభువు సూసినాడు గదన్నా."

"ఆయప్పకు మన ఆట సూసే తీరికుందా?"

"బాగా ఆడితే సూస్తాడేమోలేన్నా."

ఒకసారి రెఫరీ ఔట్ కాదన్నాడు. యేసేపు ఒప్పుకోలేదు. మోచెయ్యి చూపించి, వాదించి, గెలిచి మరీ బయటికి పోయాడు.

ఆ ఏడు ఎమ్మిగనూరులోనే ఫైనల్. అవతల ఆదోని జట్టు. పాయింట్లు సమం. చివరి కూతకు ఆదోని మాదన్న వచ్చాడు. నరసప్ప, యేసేపు చేతులు పట్టుకుని కాచుకున్నారు. మాదన్న కాలు విసిరి నరసప్ప మడమను గీరి, నడిగీత మీద పడ్డాడు. రెఫరీకి దుమ్మే కనిపించింది.

"తగిలింది సార్!" అన్నాడు మాదన్న.

"లేదు!" నరసప్ప నోటి నుంచి వచ్చేసింది.

జనం మాదన్నను గేలి చేశారు. "దొంగ! అబద్ధాలోడు!"

"మా యమ్మ తోడు సార్..." మాదన్న నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు.

నరసప్ప ఓరగా పక్కకు చూశాడు. తన మడమకు తగలడం యేసేపు కళ్లారా చూశాడు. ఇక ఊరి ముందు తన పరువు గంగలో కలిసినట్టే. యేసేపు చెయ్యెత్తాడు. నరసప్ప కళ్లు మూసుకున్నాడు.

"నాకే తగిలింది సార్."

"మళ్లా మొదలుపెట్నాడప్పా!" జనం తలలు బాదుకున్నారు.

యేసేపు తలవంచుకుని బయటికి నడుస్తున్నాడు. ఇన్నేళ్లు అతని నిజాలను తిట్టిపోసిన నరసప్పకు ఈ ఒక్క అబద్ధం మింగుడుపడలేదు.

"సార్! వానికి కాదు, నాకు. నా మడమకు."

ఆదోని గెలిచింది. మాదన్న పరుగెత్తుకొచ్చి, ఓడిన కెప్టెన్‌ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

సాయంత్రం బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని తింటూ నరసప్ప అడిగాడు, "అబద్ధమెందుకు సెప్పినావప్పా?"

"అబద్ధం యాడిదన్నా? చేతులు పట్టుకోనుంటిమి. నీకు తగిల్తే నాకు తగల్లేదా?"



"నోరు మూసుకోని తిను," అని నరసప్ప తన మిరపకాయ బజ్జీ తీసి యేసేపు ఆకులో వేశాడు.