లేబుల్ మీద పద్దెనిమిదో పేరు

మాత్రలు మింగి తెలివి పెంచుకుందామనుకునేవాళ్లంటే విమలకుమారికి ఒళ్లుమంట. తిండి, కాఫీ, మందులు మెదడుని ఏం చేస్తాయో పరిశోధించే అట్లాంటా ల్యాబ్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తోంది మరి. వచ్చిన వాలంటీర్‌ని కూర్చోబెట్టి ఏం తింటారో, ఏ మాత్రలు వాడతారో అడిగి రాసుకుంటుంది. పదిహేను పదాలు చదివి వినిపించి, అరగంటాగి ఎన్ని గుర్తున్నాయో చూస్తుంది. చూసి చూసి మనుషుల తెలివి మీద ఆమెకి గౌరవం పోయింది.

అందరిలోకీ ఆమెకి లోకువ జోసఫ్. అల్ఫారెట్టా తెలుగు చర్చిలో సంఘపెద్ద, వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ మేనేజర్. ఆదివారం ఆరాధన అయ్యాక బిర్యానీ ట్రేల పక్కన నిలబడి జ్ఞాపకశక్తి క్యాప్సూల్స్ అందరికీ అంటగడతాడు.

"ట్వెంటీ టూ ఐటమ్స్ ఉన్నాయి సిస్టర్. ఏదో ఒకటి వర్క్ చేస్తుంది."

"అన్నీ కలిపి పోస్తే దాన్ని రీసెర్చ్ అనరు బ్రదర్, కుడితి అంటారు."

జోసఫ్ నవ్వేశాడు. సిగ్గులేనివాడితో గొడవేమిటని ఆమె ప్లేటు తీసుకుని వెళ్లిపోయింది.

ఆమె భర్త జూడ్ మాత్రం ఒక డబ్బా తెచ్చుకున్నాడు. సండే స్కూల్ పిల్లలకి కంఠత వాక్యాలు నేర్పేది అతనే. బైబిల్ తెరవకుండా అధ్యాయాలకి అధ్యాయాలు అప్పజెప్పే మనిషి, కొన్నాళ్లుగా మధ్యలో తడబడుతున్నాడు. క్రిస్మస్‌కి క్యాప్సూల్స్ మొదలుపెట్టి, ఈస్టర్‌కల్లా బుర్ర తేలికపడిందన్నాడు.

"పిండిబిళ్ల ఇచ్చినా అలాగే అంటారండీ. నేను రోజూ చూసేది ఇదే," అని విమల డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. జూడ్ ఎదురు చెప్పలేదు. ఆమె చదువంటే అతనికి అంత గురి.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం, చిన్నప్పుడు నేర్చుకున్న వాక్యమే మొదలుపెట్టి, పిల్లల ముందు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు జూడ్. ఎనిమిదేళ్ల అబిగేల్ జాలిపడి, "అంకుల్, నేను చెప్పనా?" అని పూర్తి చేసింది.

"క్లాస్ ఇంకెవరికైనా ఇచ్చేయమంటాను," అన్నాడు కార్‌లో. ఆ వాక్యాలు తప్ప ఆ మనిషికి ఈ దేశంలో తనదంటూ ఏమీ లేదు. విమలకి భయం వేసింది. ఇంటికెళ్లి డైనింగ్ టేబుల్ దగ్గర పదిహేను పదాలు చదివింది. అరగంట తర్వాత నాలుగు చెప్పాడు.

డాక్టర్ చేయించిన రక్తపరీక్షలో బి ట్వెల్వ్ విటమిన్ దాదాపు లేదని తేలింది. షుగర్ మాత్ర ఎన్నాళ్లుగా వాడుతున్నారని డాక్టర్ అడిగింది. "తొమ్మిదేళ్లు," అని విమలే జవాబిచ్చింది. వారం వారం మాత్రలు సర్దేది తనే. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే కొందరికి బి ట్వెల్వ్ పడిపోతుందని, దానివల్ల మతిమరుపు రావచ్చని ఆమెకి ఒకరు చెప్పనక్కర్లేదు. ల్యాబ్ ఫారంలో దానికో గడి ఉంది. ఊరందరికీ ఆ గడిలో టిక్ పెట్టిన మహా మేధావి, ఇంట్లో మనిషి విషయంలో ఒక్కసారి ఆ గడి గుర్తుచేసుకున్న పాపాన పోలేదు.

ఇంజెక్షన్లతో జ్ఞాపకశక్తి చాలావరకు తిరిగి రావచ్చని, ఆలస్యమైంది కాబట్టి ఎంతవరకో చెప్పలేనని అంది డాక్టర్. మధ్యలో సప్లిమెంట్ ఏదైనా వాడి మానేశారా అని కూడా అడిగింది.

పార్కింగ్‌లోకి వచ్చి విమల జోసఫ్‌కి ఫోన్ చేసింది. "బ్రదర్, ఆ డబ్బా లేబుల్ ఒకసారి చదువుతారా?"

జోసఫ్ సంతోషంగా, చర్చి ప్రకటనలు చదివినట్టు చదివాడు. పద్దెనిమిదోది బి ట్వెల్వ్, వెయ్యి మైక్రోగ్రాములు.

"టూ బాటిల్స్ పక్కన పెట్టమంటారా సిస్టర్?"

ఏది పనిచేసిందో ఆ మూర్ఖుడికి చచ్చినా తెలియదు. తెలియకుండానే ఇచ్చాడు. అన్నీ తెలిసిన తను తీసి పారేసింది. ఇన్నాళ్లూ జోసఫ్ మీద పెంచుకున్న అసహ్యమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

కార్‌లో కూర్చుని జూడ్‌కి అంతా చెప్పింది. "ఆ రోజు నేను లేబుల్ చూడలేదండీ," అంది.

జూడ్ సీట్ బెల్ట్ పెట్టుకున్నాడు.

"చదివే పారేశావనుకున్నాను విమలా," అన్నాడు.