అక్షింతల పురుగు పిల్లలు

తెనాలిలో మా మేడ మీద కుండీల్లో పెంచుకుంటున్న వంగ మొక్కలకు చల్లుదామని, రాత్రి దంచి నానబెట్టిన వేప గింజల కషాయాన్ని పొద్దున్నే గుడ్డలో వడకడుతుంటే, ఆ చేదు వాసనకు కొలకలూరు పక్కన మా పత్తి చేనూ, గట్టున బంతిపూలూ, తలకు తుండు చుట్టుకున్న, వయసులో ఉన్నప్పటి మా నాన్నా ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చారు. పక్కింటావిడ ముక్కు మూసుకుంది గానీ, నాకది ప్రాణం లేచొచ్చే వాసన.

ఎందుకంటే వేప కషాయం రాకముందు మా ఇంటి వాసన వేరు. వానలు వెనకబట్టి పత్తి పూతకొచ్చే రోజుల్లో, అట్లతద్దికి గోరింటాకు పండించుకుని, చీకటితోనే లేచి గోంగూర పచ్చడీ పెరుగన్నమూ తిని, ఉయ్యాలలూగి గొంతు బొంగురు పోయేలా పాడుకుని మేం ఇంటికొచ్చేసరికి, వాకిట్లో అట్ల పిండి పులుపును మింగేస్తూ పురుగుమందు కంపు. డబ్బా వీపుకు తగిలించుకుని చేనంతా మందు కొట్టి వచ్చిన నాన్నను అమ్మ గుమ్మం తొక్కనిచ్చేది కాదు. పెరట్లో కుంకుడు రసంతో ఎంత రుద్దినా వాసన వదిలేది కాదు, చేతులు వణికేవి, మజ్జిగన్నం కూడా కడుపులో నిలిచేది కాదు. ఒక ఏడు చేలోనే పడిపోతే ఎడ్లబండి మీద తీసుకొచ్చారు.

అప్పటినుంచి అమ్మది ఒకటే మాట. "ఇంకోసారి ఆ డబ్బా ఎత్తారంటే పిల్లల్ని తీసుకుని రేపల్లె మా పుట్టింటికి పోతానండి."

నాన్నకూ భయమే. కానీ చేనుని పురుగు తినేస్తే మేమేం తింటాం?

ఆ ఏడే బాపట్ల నుంచి మస్తాన్ సార్ రావడం మొదలుపెట్టారు. వ్యవసాయం చదువుకున్న కుర్రాడు. వారం వారం బస్సు దిగి, రైతులను గట్టున కూర్చోబెట్టి, పురుగుల్లో మనకు సాయం చేసేవీ ఉంటాయని, అవి తగినన్ని ఉంటే మందుతో పని లేదని, గట్టున ఆముదం, బంతి వేసి వేప కషాయం చల్లుకోమని ఓపిగ్గా చెప్పేవారు. మా నాన్న పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. బంతి మాత్రం వేశాడు, అదీ అమ్మ పూజకు పనికొస్తుందని.

అట్లతద్ది మర్నాడు పత్తి ఆకుల కింద చూస్తే రసం పీల్చే పేనుబంక, దాని మధ్య నల్లగా, ముళ్ళతో, మొసలి పిల్లల్లాంటి పురుగులు. నాన్న అటక మీంచి డబ్బా దించాడు. అమ్మ ట్రంకు పెట్టె దించింది.

సార్ వచ్చే రోజు అదే కావడం మా అదృష్టం. ఆయన ఆ ఆకులను పురుగులతో సహా గాజు సీసాలో వేసి, మూతికి పలచని గుడ్డ కట్టి నా చేతికిచ్చారు.

"బాబాయ్, ఈ సీసాలో ఏం జరుగుద్దో చూసి అప్పుడు కొట్టండి. అందాకా ఆగండి, చాలు."

నాన్న గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. అమ్మ మాత్రం పెట్టెను గుమ్మం పక్కనే ఉంచింది.

సీసాను వంటింటి కిటికీలో పెట్టుకుని, బంక పట్టిన కొత్త ఆకులు రోజూ నేనే వేసేదాన్ని. ముళ్ళ పురుగులు బంకను చీపురుతో ఊడ్చినట్టు తినేసి, తర్వాత తిండి మాని గాజుకు అతుక్కుని కదలకుండా ఉండిపోతే, చచ్చిపోయాయని ఏడ్చాను. ఒక పొద్దున చూద్దును కదా, సీసా నిండా అక్షింతల పురుగులు! వీపున నల్లచుక్కలతో ఎర్రగా, మేం వేళ్ళ మీద పాకించుకుని ఆడుకునేవే, చంపితే పాపమని మా నాయనమ్మ చెప్పేవే.

నాన్న సీసా అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఆ ముళ్ళ పురుగులు వీటి పిల్లలని తెలీదే. ఇన్నేళ్ళూ నేను చంపుకుంది వీటినేనా?"

అమ్మ పెట్టె తీసుకెళ్ళి లోపల పెట్టేసింది. అప్పటికి చేలో బంకా తగ్గుముఖం పట్టింది. ఆ ఏటి నుంచి మా పెరట్లో కుండ నిండా వేప గింజలు నానుతూనే ఉండేవి. తర్వాత మందు ముట్టలేదని కాదు, తప్పనిసరైనప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుని కొట్టేవాడు. కానీ నాన్న మళ్ళీ పడిపోలేదు.

ఇప్పుడా చేలో పత్తి లేదు. మేం ఉయ్యాల కట్టుకున్న చెట్టు లేదు, అట్లతద్దికి చీకటితో నిద్ర లేపే స్నేహితురాళ్ళూ లేరు, తలుచుకుంటే బెంగే. పోయిందని నేను సంతోషపడేది నాన్న చొక్కాలోని ఆ వాసన ఒక్కటే.

కషాయం వడకట్టి లేచేసరికి, వంగ మొక్క పక్కన పీట వేసుకుని కూర్చున్న నాన్న ఒక ఆకు తిరగేసి చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది పక్కన పెట్టమ్మా. పిల్లలున్నాయి."