పరంజాకు అడ్డగడియ

నందిగామలో మా ఇంటి ఎదురుగా నాలుగంతస్తుల కట్టడం ఒకటి లేస్తోంది. దానికి ఇనుప గొట్టాలతో పరంజా కట్టారు, ఇక నన్ను ఇంట్లో కూచోబెట్టడం ఎవరి తరమూ కావడం లేదు. కాఫీ తాగడం ఆలస్యం, వసారాలోకి కుర్చీ లాక్కుని కూచుంటాను. మా ఆవిడేమో, ఆ గొట్టాల్ని ఎన్నాళ్ళు చూస్తావయ్యా, దిష్టి తగిలి కూలతాయి అని సాధిస్తూనే ఉంటుంది. నేను చూసేది గొట్టాల్ని కాదు, అవి గోడను ఎక్కడెక్కడ పట్టుకున్నాయో. మరతో గోడను తొలిచి, బోల్టు దిగ్గొట్టి, దానికి గొట్టాన్ని బిగిస్తున్నారు. ఎంత ముచ్చటగా ఉందనుకున్నారు! తాపీ పట్టిన చేతులకు తెలుస్తుంది, పరంజాకు ఎంత లావు కర్ర వాడినా సరే, దాన్ని ఇంటికి పట్టి ఉంచే కట్టు కుదరకపోతే ఒక్క గాలిదుమారం చాలు.

ఆ కట్టు కుదుర్చుకోవడానికి జగ్గయ్యపేటలో నా తల ప్రాణం తోకకొచ్చింది. స్వతంత్రం వచ్చిన మరుసటి ఏడు అది. మా మేనమామ పేరున్న తాపీ మేస్త్రీ. ఆ మాఘంలోనే నాకు పిల్లనిచ్చి మామ కూడా అయ్యాడు. సరిహద్దు అవతల నైజాం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు బండ్లు కట్టుకొచ్చి పేటలో తలదాచుకుంటున్న రోజులవి, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఊరు కిటకిటలాడేది, ఉన్నవాళ్ళు పట్టపగలే తలుపులు బిగించుకునేవాళ్ళు. ఆ గొడవల మధ్యే బజారు వీధిలో ఒక షావుకారు గారు మేడ కట్టిస్తున్నారు, ఆ వీధి మొత్తానికి అంత ఎత్తు ఇల్లు లేదు. గోడలు లేచాయి, ముందు వైపు గచ్చు పనీ, పిట్టగోడ మీద సున్నపు పువ్వులూ మిగిలాయి. గానుగ సున్నం తట్టల్లో పైకి అందించే ఆడవాళ్ళలో మా ఆవిడ కూడా ఉండేది.

పరంజా కట్టే పని మా మామ నాకు అప్పగించాడు. మొదటిసారి మొత్తం నాదే! కాళ్ళు భూమి మీద ఆనితే ఒట్టు. అయితే మా మామ ముఠాలో ఒక కట్టుబాటు ఉండేది. పరంజా ఎవరు కడితే వాళ్ళింటి మనిషే దాన్ని ముందు ఎక్కాలి, ఆ మనిషి పైదాకా వెళ్ళి దిగాకే మిగతావాళ్ళు కాలు పెట్టాలి. నేను ఎగిరి గంతేస్తుంటే మా మామ చుట్ట వెలిగించుకుని తాపీగా అన్నాడు.

"కట్టు నీది అల్లుడూ. ముందెక్కేది మా అమ్మాయి. చూసుకో మరి."

అంతే, నా గంతులు ఆగిపోయాయి.

మామూలుగా అయితే గోడ లేపేటప్పుడే కన్నాలు వదిలి, వాటిలో కర్రలు దూర్చి, పరంజాను గోడతో పెనవేసేవాళ్ళం. షావుకారు గారికి ముందు గోడ అద్దంలా మెరవాలి, మాట్లు కనపడకూడదని ఆ కన్నాలన్నీ ముందే పూడ్పించేశారు. కాబట్టి సరుగుడు బాదుల, అంటే పొడుగు కర్రల, పరంజా తన కాళ్ళ మీద తాను నిలబడాలి, దాన్ని ఇంటికి కట్టాలి. దేనికి కట్టాలి? మేడ మీది గది ద్వారబంధం నాకు కంటికింపుగా కనపడింది. ఏనుగును కట్టినా చెక్కుచెదరని మద్ది చెక్క. ఆనందంగా నాలుగు చుట్లు చుట్టి బిగించేసి, మీసం లేకపోయినా దువ్వుకున్నాను.

సరిగ్గా అప్పుడే షావుకారు గారి తల్లి, మేమంతా పెద్దమ్మగారు అనేవాళ్ళం, మెట్లెక్కి వచ్చారు. ఆ ద్వారబంధానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి నెల కూడా కాలేదు. ఆవిడ కళ్ళకు కనపడింది కర్రా తాడూ మాత్రమే.

"ఒరే అబ్బాయ్, పాడె కట్టే సరంజామా తెచ్చి నా గుమ్మానికి చుడతావుట్రా!"

ఆ కేక బజారు చివరిదాకా వినపడి ఉంటుంది. నిజమే మరి, తాపీవాడికి పరంజా అయినది గృహస్థు గుమ్మానికి అపశకునం, ఆ మాత్రం నా బుర్రకు తట్టలేదు. విప్పి, చెంపలేసుకుని, తడిగుడ్డతో గుమ్మం తుడిచి, మళ్ళీ పసుపు నేనే రాశాను. కింద సున్నం గానుగ దగ్గర మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఎక్కాల్సింది తనేనని తెలిసి కూడా ఆ నవ్వేమిటో!

ఇక మిగిలింది కిటికీ ఊచలు. ఊళ్ళో చాలామంది వాటికే కట్టేవాళ్ళు. తాడు వేసి బలంగా ఒక్క గుంజు గుంజి చూద్దును కదా, చట్రం పక్క నుంచి సున్నం పొడి జలజలా రాలింది. కిటికీలు పెట్టి ఎన్నాళ్ళో కాలేదు, గానుగ సున్నం నిదానంగా గట్టిపడే సరుకు. ఆ ఊచలకు కట్టి ఉంటే చట్రంతో సహా పరంజా బజార్లో పడేది. మా మామ చూస్తూనే ఉన్నాడు.

మధ్యాహ్నం గోంగూర పచ్చడి కలుపుకున్న ఆకు ముందేసుకుని, వీధి అరుగు మీద కూలబడ్డాను. అప్పటికే కాపురం ఉంటున్న కింది ఇంట్లో వంటమనిషి వీధి తలుపు మూసి అడ్డగడియ లాగిన చప్పుడైంది. అదేనండీ, తలుపు వెనక ఈ గోడ కన్నంలోంచి ఆ గోడ కన్నంలోకి తోసే లావుపాటి దూలం. ఆ చప్పుడు వింటూనే నా ప్రాణం లేచొచ్చింది. ఎవరైనా బయట నుంచి తోస్తే ఆ బరువు మోసేది ద్వారబంధమా? కాదు, గోడ! అన్నం ఆకు అక్కడే వదిలేసి బయటి మెట్ల మీదుగా మేడ మీదికి పరుగెత్తాను.

కిటికీ వెడల్పుకంటే బాగా పొడవున్న బాదు ఒకటి తెచ్చి, గది లోపలి వైపున, రెండు కొసలూ గోడకు ఆనేటట్టు అడ్డంగా పెట్టాను. చట్రాన్ని అది తాకనే తాకదు. దానికి తాడు చుట్టి, ఊచల సందులోంచి బయటికి తీసి పరంజాకు బిగించాను. పరంజా గోడ మీదికి వాలకుండా బయటి వైపు గోడకూ పరంజా బాదుకూ మధ్య, గోనెపట్టా చుట్టిన పొట్టి కర్ర ఒకటి. పెనుగంచిప్రోలు రైతులు తెచ్చే గోగునార తాడు నున్నగా జారుతుందని, గరుకుగా పట్టు వదలని కొబ్బరి తాడే ఏరుకున్నాను. కిటికీ కిటికీకీ ఇదే వరస. పెద్దమ్మగారు వచ్చి చూసి, ఇంటికి గడియ వేసినట్టుందిరా, ఇది శుభమే అన్నారు. నా నెత్తిన పాలు పోసినట్టయింది.

మర్నాడు మా ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని ఎక్కింది. పిట్టగోడ దాకా వెళ్ళి, బజారంతా తలెత్తి చూసేలా అరిచింది.

"ఏవయ్యో! పాలేటి ఒడ్డు కనపడతంది!"

ఆ మాట ఇంకా గాలిలో ఉండగానే వైశాఖపు సుడిగాలి వచ్చి పడింది. దుమ్ము, ఆకులు, ఎవరిదో పైపంచె, ఏమీ కనపడలేదు. దిగమని అరిచానేమో, నాకే వినపడలేదు. మెట్లన్నీ ఒక్క ఉరుకున ఎక్కి, గదిలోకి పోయి, ఆ అడ్డకర్రను రెండు చేతులా కావలించుకున్నాను. నాకు మా ఆవిడ కనపడదు, కనపడేదల్లా ఊచల సందులోంచి దుమ్ములోకి పోతున్న తాడు. అది వీణ తీగలా బిగుసుకుని వణుకుతోంది. కర్ర గోడకు అదుముకుంటోంది కానీ వెంట్రుకవాసి కదల్లేదు. తాడు బిగువుగా ఉన్నంతసేపూ అవతల తను ఉన్నట్టే అనుకుంటూ, ఊపిరి కూడా ఆ తాడుతోనే పీల్చాను.

గాలి తగ్గింది. కిటికీ బయట రెండు పాదాలు దిగివచ్చాయి, తరవాత దుమ్ముకొట్టుకున్న మొహం. ఊచల్లోంచి నన్ను చూసి, కర్రని పట్టుకుని ఏడుస్తన్నావేంటి, నేనిక్కడుంటే, అంది. తను నేలకు దిగాక మా మామ తన తాపీ తీసుకుని, నేనున్న కిటికీ పక్కనుంచే, పరంజా ఎక్కాడు.

అప్పటి నుంచి ఎన్ని కట్టానో! చందర్లపాడు నుంచి కీసర దాకా, ప్రతిసారీ ముందెక్కింది మా ఆవిడే, ఆ తరవాత మా పెద్దవాడు. నిన్న ఆ ఎదురు కట్టడం చూసుకునే ఇంజనీరు కుర్రాడు మంచినీళ్ళకు మా వసారాలోకి వస్తే, ఆ బోల్టు పట్టు చూసి నిజంగానే మెచ్చుకున్నాను. మా అడ్డకర్ర దాని ముందు ఎందుకూ చాలదు. ఉండబట్టలేక, ముందు ఎవరెక్కుతారు బాబూ అని అడిగాను. ఎవరో ఒకరు ఎక్కుతారు తాతగారూ, వాళ్ళంతా ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు, కాంట్రాక్టరు పంపిస్తాడు, పేర్లు కూడా నాకు తెలీదు అన్నాడు. మంచి పిల్లాడే, తప్పేమీ అనలేదు. పట్టు పెరిగింది, పట్టుకుని కూచునే మనిషే లేకుండా పోయాడు.

ఆ మాట మా ఆవిడతో చెప్పాను. తను ఆ గొట్టాల కేసి చూసింది.

"అయితే ఆళ్ళు పైనుంటే, ఇక్కడ గుండె గుప్పిట్లో పెట్టుకునేవోళ్ళు ఎవరూ లేరన్నమాట."

ఇవాళ పొద్దున నేను లేచేసరికి వసారాలో నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది. సాయంత్రం పరంజా మీది కుర్రాళ్ళందరూ దిగేదాకా మా ఆవిడ అందులోంచి లేవలేదు.