బతికినట్టు రాసిన పగడం

నీళ్ళలో ఊపిరి బిగబట్టడం జుమ్రియాకి ఎవరూ నేర్పక్కర్లేదు. సముద్రం మీదే బతికే బాజో జాతి మనిషి, ఇల్లే సముద్రంలో గుంజల మీద ఉంది. కాలేజీ పిల్లలు పగడపు దిబ్బల చదువుకని వచ్చినప్పుడల్లా టీచరమ్మ విడియా ఆమెనే పనికి పిలిచేది. అడుగున టేపు పరిచి, ఇరవై చోట్ల దాని కింద ఏముందో చూసి పలక మీద రాయాలి. బతికున్న పగడానికి గీత, చచ్చినదానికి సున్నా.

ఆ ఏడు నీళ్ళు కాగిపోయి పగడాలు తెల్లబడి చచ్చిపోసాగాయి. పడమటి దిబ్బ మీద టేపు సరిగ్గా, కూతురు నూరి పుట్టినప్పుడు మావిని బుట్టలో పెట్టి ముంచిన చోటు మీదుగా పోయింది. మావి అంటే బిడ్డకి తోబుట్టువు. సముద్రంలో ఉండి బిడ్డని కాస్తుంది. దాని నెత్తిన చావు మాట పడితే బిడ్డ మంచాన పడుతుందని అమ్మమ్మ చెప్పేది. జుమ్రియాకి చెయ్యాడలేదు. నాలుగు సున్నాల చోట నాలుగు గీతలు పెట్టి పైకి తేలింది. దీంతో ఎవరి కొంప మునుగుతుందిలే అనుకుంది, పిచ్చిది!

నెల తిరిగేసరికి ఊరిపెద్ద కందోరా అందర్నీ పిలిచాడు.

"పడమటి దిబ్బ కోలుకుందంట. కాలేజీవాళ్ళ కాగితంలో ఉంది. రేపట్నించి అక్కడ మళ్ళీ వలలేసుకోండి."

"చూశావటే! మీ టీచరమ్మ చదువు ఇన్నాళ్ళకి కూడు పెట్టింది," అన్నాడు మొగుడు తాడి.

ఆ కాగితంలోవి తన గీతలేనని జుమ్రియాకి అర్థమైంది. ఊరుకుంటే వలల కింద మిగిలిన కొమ్మలూ పొడైపోతాయి. నోరు విప్పితే నూరి మంచాన పడుతుంది. దిబ్బే పోతే తోబుట్టువు మాత్రం ఎక్కడుంటుంది? ఆ సంగతి చెప్పకుండానే అమ్మమ్మ పోయింది.

"ఆగు పెద్దాయనా. ఆ గీతలు నేను పెట్టినవి. అక్కడ..."

"అక్కడేముంది, చెప్పక్కా," అంది కాగితం తెచ్చి పక్కనే నిలబడ్డ విడియా.

"చచ్చింది టీచరమ్మా. అక్కడ పగడం చచ్చింది."

"మతి పోయిందటే నీకు!" తాడి అరిచాడు.

వలలు ఆపమని కందోరా చెబుతున్నాడు. జుమ్రియా వినిపించుకోలేదు. చెక్కల వంతెన మీద పరుగెత్తింది. గుమ్మం ముందు ఎండలో నూరి చేపలు ఆరబెడుతోంది. జుమ్రియా దాని నుదుటి మీద చెయ్యేసింది. వెచ్చగా తగిలింది.

"ఏందమ్మా?"

ఎండకో, తన మాటకో జుమ్రియాకి తెలియలేదు. చెయ్యి తియ్యలేదు.