దుమ్ము కొలిచిన రోజు

గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ వైపు వెళ్తుంటే, ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్వి పోసిన మట్టిగుట్టలు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఒక ఊరు ఉంటుంది. తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు నేను ఒక దినపత్రికకు ఆ ప్రాంతం వార్తలు పంపేవాణ్ణి. ఆ ఊరి మీద నేను రాసినవన్నీ ఇంచుమించు ఒకే వార్త. బొగ్గు లారీలు ఊరి నడుమ నుంచి పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, జనం అవస్థ పడుతున్నారు. డెస్కు వాళ్ళు శీర్షిక మార్చి మూడు నెలలకోసారి దాన్నే వేసేవారు.

ఊరి మొదట్లో, రోడ్డును ఆనుకుని ఒక పెంకుటిల్లు. ఆ ఇంటావిడ నాట్లకు, పత్తి ఏరడానికి కూలికి పోయేది. భర్తది బొగ్గుబాయిలో కాంట్రాక్టు పని. ఒక్కతే కూతురు, ఆరో తరగతి. ఆ పిల్లకు దమ్ము, ఉబ్బసం. మాట మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, మిగతా మాట చెప్పేది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు "అమ్మ... నీళ్ళకు... పోయింది" అనడానికి ఆ పిల్ల పడ్డ కష్టం చూసి, ఇంకేమీ అడగకుండా గడపలోనే కూర్చున్నాను.

పిల్లను దుమ్ముకు దూరంగా ఉంచకపోతే మందులు పనిచేయవని దవాఖానలో తేల్చి చెప్పారు. లారీలను ఊరి వెనుక బీడు భూముల మీదుగా మళ్ళిస్తే పిల్ల ఇంట్లో ఉండవచ్చు. లేకపోతే ఎక్కడికైనా పంపేయాలి. ఆ తల్లికి కావలసిందల్లా ఆ బాట మళ్ళడమే.

చదువు రాని మనిషి. అయినా సాక్ష్యం కావాలని ఆమెకే తట్టింది. రోజూ సాయంత్రం నీళ్ళ గోలెం మీద తెల్ల పంచె ముక్క కప్పేది. పొద్దున్నే తీసి, ఉతకకుండా మడిచి దాచేది. ఆమెను చూసి పక్కిళ్ళవాళ్ళు, వాళ్ళను చూసి వాడకట్టు మొత్తం అదే పని మొదలుపెట్టారు. ఒకరోజు గంపెడు నల్ల గుడ్డలతో ఆడవాళ్ళు కాలుష్యం చూసే అధికారి దగ్గరికి బయలుదేరితే నేనూ వెంట వెళ్ళాను. ఆయన ఒక గుడ్డను రెండు వేళ్ళతో విప్పి చూసి, మర్యాదగానే చెప్పాడు.

"గుడ్డ సాక్ష్యం కాదమ్మా. మెషీన్ తెచ్చి ఒక పగలు, ఒక రాత్రి కొలుస్తాం. దుమ్ము ఎక్కువుందని తేలితే దారి మార్చమని మేమే రాస్తాం."

తిరుగు బస్సులో వాళ్ళ సంబరం ఇంతా అంతా కాదు. "గా మిషన్ మన ఊరి దుమ్ము తిని కక్కుకోవాలె," అని ఒకామె అంటే, "గది గూడ దమ్ముకు మందులేసుకుంటదేమో తీయే," అని ఇంకొకామె. పిల్ల తల్లి ఆ రోజు నవ్వడం చూశాను.

తేదీ ఖరారైంది. నేను వార్త రాశాను. ముందు రోజు స్వయంగా ఊరికి వెళ్ళి చెప్పి వచ్చాను. రేపు సార్లు వస్తున్నారు, మెషీన్ బడి మీద పెడతారు, అందరూ ఉండండి, అని.

మరునాడు పొద్దున ఊళ్ళోకి వెళ్తుంటే తడిసిన మట్టి వాసన వచ్చింది. రోడ్డు పొడుగునా నీళ్ళు. ప్రతి వాకిలీ ఊడ్చి, సానుపు చల్లి, ముగ్గు వేసి ఉంది. వేపచెట్ల ఆకులు కూడా కడిగినట్టు మెరుస్తున్నాయి. పాతికేళ్ళు బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయిన ఒక పెద్దాయన, ఊరంతా 'కాక' అని పిలిచే మనిషి, ఎవరిదో ట్రాక్టరు తెచ్చి ట్యాంకరుతో రెండుసార్లు రోడ్డు తడిపించాడట. నేను బండి ఆపి, ఊరు ఎంత బాగుందో అనుకున్నాను. వార్తలతోనే బతికేవాణ్ణి, నాకూ తట్టలేదు.

మెషీన్ వచ్చింది. చిన్న గుడిసెలా పైన కప్పున్న డబ్బా. లోపల ఒక తెల్ల కాగితం, గాలిని పీల్చే మోటారు. దసరాకు బాయిలో యంత్రాలకు పూజ చేసినట్టు దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. మెషీన్ వెంట వచ్చిన ఉద్యోగి వద్దనలేక నవ్వుతూ నిలబడ్డాడు. చాయ్ తాగుతూ రోడ్డు వైపు చూసి అడిగాడు.

"రోజూ ఇలాగే తడుపుతారా?"

కాక ఛాతీ విరుచుకున్నాడు. "రోజు సల్లుతం సార్. మా ఊరంటె ఏమనుకున్నరు? బొగ్గుబాయి పక్కనుంటె ముర్కోళ్ళమైతమా?"

చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఉద్యోగి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. లారీలు ఆ రోజూ నడిచాయి, తడి బాట మీద మెత్తగా. సాయంత్రం ఇంకో ట్యాంకరు చల్లించారు, మెషీన్ దగ్గర కాపలా ఉన్నాయనకు దుమ్ము కొట్టకుండా.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. ఆ తల్లి దాన్ని కొంగులో కట్టుకుని గోదావరిఖనికి వచ్చి, నా చేతికిచ్చి, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. కొలిచిన రోజున ధూళి పరిమితిలోనే ఉందని అందులో ఉంది. గ్రామస్తులు ప్రతిరోజూ నీళ్ళు చల్లుకుంటున్నందున లారీల మార్గం మార్చవలసిన అవసరం లేదని కూడా.

"అంటె ఏంది పేపరన్నా?"

"బాట మారదట అక్కా."

ఉత్తరం తీసుకుని మళ్ళీ కొంగున కట్టుకుంది. తర్వాత, గొంతు పెంచకుండానే అడిగింది. "ఇంటికి సుట్టమొస్తె వాకిలి ఊడ్సుకోమా అన్నా? గది గూడ తప్పేనా?"

కొలతకు ముందు రోజు వెళ్ళినప్పుడు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, రేపు నీళ్ళు చల్లకండని. ఆ ఒక్క మాట నేను అనలేదు. మళ్ళీ కొలవమని అర్జీ నేనే రాసిచ్చాను. ఒకసారి కొలిచాం కదా, అన్నారు.

కాకకు సంగతి తెలిశాక, రోజూ చల్లుతామన్న తన మాట నిజం చేస్తానని పంతం పట్టాడు. ట్రాక్టరు తెచ్చి పొద్దున, సాయంత్రం రోడ్డు తడిపించాడు. ఊరివాళ్ళు వంతులేసుకుని డీజిలు పోయించారు. ఆ కొన్ని వారాలు పిల్ల కాస్త తేరుకుందని తల్లి చెప్పింది. అప్పుడు ఎండలు ముదిరాయి. పక్కన ఓపెన్‌కాస్టు లోతుకు పోయేకొద్దీ ఊరి బావుల్లో నీళ్ళు అడుగంటాయి. తాగడానికే కష్టమైతే రోడ్డు మీద ఎవరు పోస్తారు? ట్రాక్టరు ఆగిపోయింది. ఆ తర్వాత కాక ఆ ఇంటి ముందు నుంచి పోవాల్సి వస్తే తల పక్కకు తిప్పుకుని పోయేవాడు.

పిల్లను మంథని అవతల మేనమామ ఇంటికి పంపేశారు. చదువు అక్కడే. వానలు పడి దుమ్ము అణిగిన రోజుల్లో ఇంటికి వచ్చేది. పండగలకు రాదు, ఎండాకాలం సెలవులకు రాదు. మొగులు పట్టి వాన కురిస్తేనే ఆ ఇంట్లో పిల్ల గొంతు వినిపించేది.

తల్లి మాత్రం వాకిట్లో సానుపు చల్లడం మానేసింది. మా వైపు వాకిలి ఎండిపోయి ఉందంటే ఆ ఇంట్లో చావు జరిగిందని లెక్క. ఒకసారి నేను అరుగు మీద ఉండగానే దారిన పోయే ఒకామె దెప్పింది.

"ఇంట్ల ఎవలన్న సచ్చిన్రా ఏందే? వాకిలి గట్ల ఎండబెట్టినవ్?"

"సావద్దనే ఎండబెట్టిన," అంది ఈమె. "మల్ల మిషనొస్తె దుమ్మెంతుందో కండ్లార సూడనీ."

మెషీన్ మళ్ళీ రాలేదు. ఉద్యమం ముదిరింది, సకల జనుల సమ్మె నడిచింది, నేను వాటి వార్తల్లో పడ్డాను. ఆ ఊరి దుమ్ము గురించి రాసి పంపినా వేసేవారు కాదు. పాత వార్తే కదా, అన్నారు. నిజమే.

రాష్ట్రం వచ్చిన రోజు ఊరేగింపు కోసం ఆ రోడ్డంతా పొద్దున్నే ట్యాంకర్లతో తడిపారు. లారీలు ఆపారు. నేను ఫోటోల కోసం వెళ్ళాను. ఆమె గడపలో నిలబడి ఫోన్ మాట్లాడుతోంది.

"ఇయ్యాల దుమ్ము లేదు బిడ్డా. బాటంత సల్లిన్రు. జల్ది బస్సెక్కు, మొకం సూపించి పో."

జెండాలు పట్టుకుని జనం పోయారు, డప్పులు పోయాయి. జూన్ ఎండ. పది దాటకముందే రోడ్డు ఆరి, అంచుల నుంచి నల్లపొడి తేలడం మొదలైంది. దూరంగా మట్టిగుట్టల వైపు లారీల హారన్లు. ఆమె కాసేపు రోడ్డునే చూసి, మళ్ళీ ఫోన్ తీసింది.

"ఎక్కినవా? ... యాడిదాక వచ్చినవ్? ... దిగు బిడ్డా. వాపసు పో. వానలు పడ్డంక వద్దువు."