రెండు గదుల్లో ఒకే మొహం

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని మనుషుల మొహాలతోనే. బస్టాండు ఎదురుగా, మేడమెట్ల కింద చిన్న స్టూడియో. గుర్తింపు కార్డులకీ, పాస్‌పోర్టులకీ ఫొటోలు తీసేది. “గడ్డం కాస్త దించండి, చెవులు కనపడాలి, రెప్ప వెయ్యకండి” అన్న మూడు మాటలతోనే ఇల్లు గడిచిపోయింది. ఎవరి కనుబొమ్మ ఏ పక్క వంకరో, ఎవరి పుట్టుమచ్చ ఏ చెంప మీదో ఒకసారి చూస్తే మరిచిపోయేది కాదు. పేర్లు మాత్రం ఒక్కటీ గుర్తుండేవి కావు. సొంత తోటికోడళ్ళనే “ఆ సన్నముక్కావిడ, ఆ చెంప సొట్టావిడ” అనేది.

ఒకరోజు ఎవరో కుక్కపిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ వెనకే పిల్లులు, చిలకలు, ఒక తాబేలు వచ్చాయి. సెలవురోజుల్లో చెరువుగట్టు మీద బోర్లా పడుకుని అడవిబాతుల్ని తీయడం మరిగింది. ఆ ఫొటోలు చూసి జూ అధికారి కబురు పెట్టాడు. ప్రతి జంతువుకీ దగ్గరనుంచి తీసిన మొహం ఫొటోతో రిజిస్టరు తయారుచెయ్యాలట.

చిరుతలు రెండు, అక్కాచెల్లెళ్ళు. వాటిని చూసుకునే పెద్దాయన పదిహేడేళ్ళుగా అక్కడే పనిచేస్తున్నాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలిచేది. పొద్దున్నే ఆయన రెండు గదుల్లో మాంసం పెట్టి, ఆవరణలోంచి చిరుతలు ఒక్కొక్కటీ లోపలికి వచ్చాక వెనక తలుపులు దించేస్తాడు. ఆ తర్వాతే ఆవరణలోకి వెళ్ళి తొట్టి కడుగుతాడు. గదుల ముందున్న నడవాలో నిలబడి ఆమె ఊచల మధ్యనుంచి ఫొటోలు తీయాలి.

ఆవేళ పెద్దది ముందుగా మొదటి గదిలోకి వచ్చింది. ఆయన దాని వెనక తలుపు దించాడు. గది చీకటిగా ఉంది.

“బాబాయ్, మధ్య తలుపు కాస్త ఎత్తుతారా? పక్కగది వెలుతురు పడితే చాలు.”

“ఎత్తకూడదమ్మాయ్.”

“పక్కగది ఖాళీయేగా! రెండే నిమిషాలు.”

ఆయన గొణుక్కుంటూనే గొలుసు లాగాడు. రెండు గదుల మధ్య ఇనప పలక లేచింది. ఆమె నాలుగు ఫొటోలు తీసి, వెనక్కి తిరిగి లెన్సు తుడుచుకుంటోంది.

“అదుగో, చిన్నది కూడా వచ్చేసింది” అన్నాడాయన. రెండో గదిలో చిరుత కూర్చుని ఉంది. మధ్య పలకా, ఆ గది వెనక తలుపూ దించి, బకెట్టు తీసుకుని నడవా చివరి గేటులోంచి ఆవరణలోకి వెళ్ళాడు.

ఆమె రెండో గది ముందు కూర్చుని ఒక ఫొటో తీసింది. కెమెరా తెరమీద మొహాన్ని పెద్దది చేసింది. ఎడమకంటి కింద రెండు మచ్చలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ఇందాకటి ఫొటో తెరిచింది. అవే మచ్చలు. చెవి అంచున అదే చిన్న చీలిక.

లేచి మొదటి గదిలోకి టార్చి వేసింది. అందులో సగం కొరికిన మాంసం తప్ప ఏమీ లేదు.

అంటే పెద్దదే మధ్య తలుపు దాటి ఇటు వచ్చింది. చిన్నది అసలు లోపలికే రాలేదు.  గేటు దగ్గరికి వెళ్ళి ఊచల్లోంచి కెమెరా ఎత్తింది. పెద్దాయన ఇటు వీపు పెట్టి, వంగి తొట్టి రుద్దుతున్నాడు. ఆమె పొదలు వెతికింది, బండ వెనక వెతికింది. ఎక్కడా లేదు. అప్పుడు పైన, తీగలు కమ్మిన చెక్క మంచె అంచున తోక కొస, ఆకుల మధ్య తల కనిపించాయి.

అరుపు గొంతుదాకా వచ్చింది. మింగేసింది.

“బాబాయ్,” అంది మామూలుగా, “ఉలిక్కిపడకండి. చిన్నది బయటే ఉంది.”

బ్రష్షు ఆగింది. “ఎక్కడ?”

“మంచెమీద. మీకు కుడివైపు, పైన.”

“చెవులు?”

“వెనక్కి వాలాయి.”

“తోక?”

“కొస ఆడుతోంది.”

ఆయన మెల్లగా నిటారుగా లేచాడు. అంతకన్నా మెల్లగా దానివైపు తిరిగాడు. “నేను దాన్నే చూస్తూ వెనక్కి వస్తా. దారి నువ్వు చెప్పు.”

“రండి. ఇంకో అడుగు. కొంచెం ఎడమకి, పైపు ఉంది. ఆఁ, రండి.” ఒక చేత్తో కెమెరా కంటికి ఆనించుకుని, ఇంకో చేత్తో గేటు గడియ పట్టుకుంది. చెమటకి వేళ్ళు జారుతున్నాయి. పెద్దాయన బకెట్టును ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు. ఇంకా ఆరడుగుల దూరం.

“తోక ఆగిపోయింది బాబాయ్.”

“గడియ తియ్!”

ఆమె గడియ లాగిన క్షణానే చిరుత దూకింది. ఆయన బకెట్టు దానిమీదికి విసిరి వీపుతోనే గేటులోకి పడ్డాడు. ఆమె తన బరువంతా వేసి గేటు మూసి గడియ బిగించింది. మరుక్షణం అవతలనుంచి పడ్డ దెబ్బకి గేటు అదిరి ఆమె భుజానికి తగిలింది.

ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. ఆయన గేటువైపు చూశాడు.

“పాపం, చిన్నది ఇంకా తిననే లేదు” అన్నాడు.

తర్వాత నెమ్మదిగా, “ఇది పైకి తెలిస్తే నన్ను ఉంచరమ్మాయ్. ఇంకా ఎనిమిది నెలల సర్వీసుంది” అన్నాడు.

“తలుపు ఎత్తమన్నది నేను.”

“ఎత్తింది నేనుగా. లెక్క చూసుకోకుండా వెళ్ళిందీ నేనే.”

ఆయన లేచి మొహం కడుక్కునేదాకా ఆగి, ఇద్దరూ కలిసే అధికారి గదికి వెళ్ళారు. జరిగింది జరిగినట్టు చెప్పారు. అధికారి అంతా రాసుకున్నాడు. చివరికి పెద్దాయనని జింకల దగ్గరికి మార్చాడు, ఉద్యోగం తియ్యలేదు. ఆమె పనిని మూడు వారాలు ఆపేశాడు. ఇకమీదట రెండు మొహాలూ ఫొటోలతో సరిచూడనిదే ఎవరూ ఆవరణలో కాలు పెట్టకూడదని కాగితం అంటించాడు.

“ఇంక ఆ పని మానెయ్యరాదూ?” అన్నాడు భర్త, ఆమె భుజానికి వేడికాపడం పెడుతూ.  ఆ వారమే స్టూడియోకి వచ్చిన పెంపుడుపిల్లి స్టూలు మీదనుంచి దూకితే ఆమె కెవ్వున అరిచింది. పిల్లి గలావిడ నవ్వింది. ఆవిడ వెళ్ళాక తను తలుపేసుకుని ఏడ్చింది.

మూడు వారాలయ్యాక మళ్ళీ ఆ నడవాలోకి వెళ్ళింది. చిన్నది ఊచల దగ్గరికే వచ్చి కూర్చుంది. పదకొండు ఫొటోలు తీస్తే తొమ్మిది చెదిరిపోయాయి. మిగిలిన రెండింట్లో ఒకటి పెద్దదిగా అచ్చువేయించి గదుల ముందు గోడకి పెట్టించింది. పక్కనే పెద్దదాని ఫొటో.

జింకలకి గడ్డి వేసి వస్తూ పెద్దాయన ఆగి, కళ్ళజోడు సర్దుకుని ఆ రెండు ఫొటోల ముందు నిలబడ్డాడు.

“మచ్చలు ఎక్కడ చూడాలో చూపించు” అన్నాడు.

ఆమె వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపించింది.