గొడ్లచావిడికి సున్నం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చెప్తుంటారు. చెప్పుకోనివ్వండి. ఆ రోజు ఆ గొడ్లచావిడి ముందు నాకొచ్చిన కోపం మాత్రం, బొమ్మలు వేసేవాళ్ళు ఎవరికైనా వచ్చేదే.

బందరులో డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాక నాకు వాటర్ కలర్స్ పిచ్చి పట్టుకుంది. స్కూటీ మీద ప్యాడ్డూ, రంగుల డబ్బా, మడతకుర్చీ, నీళ్ళ సీసా పెట్టుకుని పొద్దున్నే బయల్దేరతాను. ఓ రోజు మంగినపూడి వైపు, ఓ రోజు గుడివాడ రోడ్డు. పాత పాకో, కూలిన కొట్టో కనబడితే చాలు, బండి దానంతటదే ఆగిపోతుంది. "పడిపోయే గోడ కనబడకపోతే నీకు పూట గడవదే" అని మా ఆయన వేళాకోళం.

ఈ చావిడి బంటుమిల్లి దారిలో కనబడింది. చుట్టూ చేపల చెరువులు, మధ్యలో అదొక్కటీ మిగిలింది. నాటుపెంకు కప్పు నడిమధ్యన కుంగింది. మట్టిగోడకి కింద చెమ్మెక్కి పాచి పట్టి, పైన వాననీళ్ళు కారిన చారలు దిగి, ఎప్పటిదో సున్నం పెళ్ళలు పెళ్ళలుగా ఊడి ఉంది. పక్కనే సగం లాగేసిన గడ్డివామి. నాకు నోరూరింది. నిజంగానే ఊరింది, నవ్వకండి.

నేను కుర్చీ వేసుకుంటుంటే వెనకున్న డాబాలోంచి ఒకావిడ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది. డెబ్బై దాటి ఉంటాయి.

"ఎవరమ్మా? పంచాయతీ నించా?"

"కాదండి పిన్నిగారూ. బందర్లో డ్రాయింగ్ టీచర్ని. మీ చావిడి బొమ్మ వేసుకుంటాను."

"దీన్నా! చోద్యం కాకపోతే ఏవుందమ్మా ఇందులో? అదుగో మా డాబా, మొన్ననే రంగులేయించాం. దాన్ని వెయ్యండి."

"డాబాలు ఎక్కడైనా దొరుకుతాయండీ. ఇలాంటిది దొరకదు."

"వచ్చే వారం వస్తే ఇదీ దొరకదులే" అంది. వాళ్ళబ్బాయి చెరువు గట్టు ఇక్కడిదాకా జరుపుతున్నాడట. దీన్ని కూలగొట్టడానికి పొక్లెయిన్‌కి చెప్పేశాడట. అది చెప్పి, "బొమ్మ మాకిస్తారా టీచరమ్మా?" అని అడిగింది.

ఫ్రేము కట్టించి మరీ ఇస్తానన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "అయితే హాల్లో పెట్టుకుంటాం. వచ్చేపోయేవాళ్ళంతా చూస్తారు" అంటూ గోడ వంక తిరిగి చూసింది. చాలాసేపే చూసింది.

మాఘమాసం, మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఈ సముద్రపు గాలికి కాయితం ఒక పట్టాన ఆరి చావదు. ఆకాశం వేసి ఆరేదాకా కూచోవాలి, కప్పు వేసి మళ్ళీ కూచోవాలి. ఈలోగా కాఫీ వచ్చింది, ఉప్మా వచ్చింది, వద్దన్నా వినకుండా మజ్జిగ వచ్చింది. ఎండ నడినెత్తికొచ్చేసరికి ఆకాశం, పెంకులు, గడ్డివామి అయ్యాయి. గోడ మాత్రం ముట్టుకోలేదు. ఆ చారలూ పాచీ తీరిగ్గా వెయ్యాలని అట్టేపెట్టుకున్నాను.

"రేపొచ్చి గోడ వేస్తానండీ."

"గోడ రేపా?" అంది.

"అవునండీ. అసలు ఈ బొమ్మకి గోడే ముఖ్యం."

"గోడేనా ముఖ్యం?" అని మళ్ళీ అడిగింది. అవునని గట్టిగా తలూపి వచ్చేశాను.

మర్నాడు మలుపు తిరగ్గానే బండికి గట్టిగా బ్రేకు వేశాను. గోడంతా సున్నం! కింద జాజుతో ఎర్రటి పట్టీ, ముందు కళ్ళాపి, ముగ్గు. పిన్నిగారు చీర బొడ్లో దోపుకుని, మోచేతుల దాకా తెల్లటి చుక్కలతో, పెళ్ళివారికి ఎదురొచ్చినట్టు నవ్వుతూ ఎదురొచ్చింది. నిన్న సాయంత్రమే కోడలి చేత గుల్ల సున్నం తెప్పించి, నీలిమందు కలిపి, తెల్లారకముందే మొదలుపెట్టారట. నిచ్చెనెక్కి పైన కోడలు, కింద ఈవిడ.

"రండి టీచరమ్మా, ఇప్పుడు వేసుకోండి హాయిగా!"

"ఎంత పని చేశారండీ!" అని అరిచాను. "ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని? ఆ చారల కోసమేనండీ నేను పడుతూ లేస్తూ బందరు నించి వచ్చింది! ఆ పాచి, ఆ మరకలు, అవే కదండీ దాని అందం! అంతా తుడిచిపెట్టేశారు!"

పిన్నిగారి నవ్వు పోయింది. చేతిలో సున్నం కుంచె బకెట్లో పడేసింది.

"అందమా?" అంది. "ఉప్పెనలో ఇల్లు పోతే ఇందులోనే కాపురం పెట్టామమ్మా మేము. ఆ చివర గొడ్లు, ఈ చివర మేం. మా అబ్బాయి అదుగో, ఆ మూల పుట్టాడు. ఏటా వానలు వెళ్ళగానే ఈ గోడకి నేనే సున్నం కొట్టేదాన్ని. గొడ్లచావిట్లో ఉన్నా గొడ్లలా బతకట్లేదని నలుగురికీ తెలియాలిగా? ఈ మోకాళ్ళు పట్టేశాక మానేశాను. మీరు అందమన్న ఆ పాచి, నాకు చేతగాక పట్టిన పాచి. దాన్ని బొమ్మ గీసి, అద్దం బిగించి, నా ఇంట్లోనే నలుగురికీ చూపిస్తారా?"

కోపం ఎటు పోయిందో తెలీలేదు. ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. నా చేతికీ సున్నం అంటింది.

"కూచోండి పిన్నిగారూ. ఆరనివ్వండి, వేస్తాను."

ఇద్దరం ఎదురుగా కూచున్నాం. తడి సున్నం మొదట బూడిదరంగులో ఉండి, ఎండ ఎక్కేకొద్దీ తెల్లబడుతుంది. పైనించి కిందికి గోడ మెల్లగా వెలుగుతూ వచ్చింది. సున్నం కొట్టిన గోడని ఎండలో అంత సేపు నేనెప్పుడూ చూళ్ళేదు. బాగుంది. ఒప్పుకోక ఏం చేస్తాను, చాలా బాగుంది.

అప్పుడు నిన్నటి కాయితం తీశాను. చూరు కింద పల్చటి నీలం నీడ ఒకటి లాగాను. గుమ్మం లోపలి చీకటి వేశాను. జాజు పట్టీ, ముగ్గు వేశాను. కుంచె కడిగేసి, "అయిందండీ" అన్నాను.

పిన్నిగారు దగ్గరికొచ్చి వంగి చూసింది. "గోడకి రంగు వెయ్యలేదేం?"

"వెయ్యక్కర్లేదండీ. ఈ రంగుల్లో తెలుపు వెయ్యం, కాయితాన్నే వదిలేస్తాం. ఆ తెలుపు కాయితానిదే."

వేలు చీర కొంగుకి తుడుచుకుని, బొమ్మలో గోడ మీద మెల్లగా రాసి, వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు.

"అంటే ఎవరూ ఏమీ చెయ్యకుండానే తెల్లగా ఉంటుందా?"

"ఉంటుందండీ."

"వానలొచ్చినా?"

"వచ్చినా ఇలాగే ఉంటుంది పిన్నిగారూ."

ఆవిడ అరుగు మీద కూలబడి కాళ్ళు బారజాపుకుంది. "హమ్మయ్య" అంది. "అయితే ఇంక దీన్ని నేను చూసుకోనక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడకి రాలేదు. చేతులు కడుక్కుని అన్నానికి లేవమంది.